రోమన్ పద్ధతిలో గేదెల పెంటమ్మ

మా కమిషనర్ శనగవరపు చయనులు గారిని ప్రభుత్వం రోమ్ నగరానికి పంపింది మురుగుకాలవల గురించి తెలుసుకు రమ్మని. ఆయన పేర్ల గురించి తెలుసుకుని వచ్చారు. మురుగు ఎక్కడిదక్కడే ఉంది.

ఇందులో ఆయన తప్పేమీ లేదు. చిన్నప్పుడు బళ్ళో పిల్లలు ఆయన్ని "ఒరే శనగలూ!" అని పిలిచేవారట. ఐఏఎస్ అయ్యాక ఎదురుగా పిలవడం మానేశారు గానీ వెనక పిలుపు మానలేదు. ఆ దిగులుతోనే ఆయన రోమ్‌లో ఒక మ్యూజియంలోకి అడుగుపెట్టారు. అక్కడ వరసగా పాలరాతి తలకాయలున్నాయి. గైడు ఒక తలకాయ చూపించి, "ఈయన సిసిరో, మహావక్త. ఆ ఇంటిపేరు శనగగింజ నుంచి వచ్చింది" అన్నాడు. కమిషనర్ గారు ఆగిపోయారు. గైడు ఆగలేదు. ఎదురుగా ఉన్నాయనది చిక్కుడుగింజల వంశం అన్నాడు, ఆ పక్కాయనది మసూరుపప్పు, మూలనున్నాయనది బఠానీ అన్నాడు. అందరూ దొడ్డ ప్రభువులే. మా కమిషనర్ గారు ఆ శనగల తలకాయ ముందు నిలబడి కళ్ళు తుడుచుకున్నారట. మధ్యాహ్నం మురుగుకాలవల దగ్గరికి బస్సు బయల్దేరితే ఎక్కలేదు.

తిరిగొచ్చిన కొన్నాళ్ళకే రాష్ట్ర నామవర్గీకరణ శాఖ పుట్టింది. దానికి ఆయనే కమిషనర్. నేను సూపరింటెండెంట్‌ని. నా పేరు ఇక్కడ చెప్పను. అది అప్పటికీ ఇప్పటికీ చాలాసార్లు మారింది, చెప్పినా మీకు ఉపయోగం ఉండదు.

మొదటి సమావేశంలో కమిషనర్ గారు అధికారులందరినీ కూర్చోబెట్టి ఇలా సెలవిచ్చారు. "మన ప్రజల నామధేయాలలో క్రమశిక్షణ పూర్తిగా లోపించినది. ఒకరికి ఇంటిపేరు ముందు, ఒకరికి వెనక. ఒకరికి ముత్తాత పేరు, మరొకరికి ఆసుపత్రిలో పురుడు పోసిన నర్సు పేరు. రోమన్లు ప్రపంచాన్ని ఏలారంటే దానికి మూలకారణం పేర్ల వ్యవస్థ అని గ్రహించవలెను. సొంతపేరు, వంశం పేరు, శరీర లక్షణాన్ని బట్టి మూడో పేరు. విజయం సాధించినవారికి అదనంగా నాలుగోది. మనమూ ఇట్లే ముందుకు పోవలెను."

అందరం చప్పట్లు కొట్టాం. మా శాఖలో చప్పట్లకు ఎప్పుడూ లోటు లేదు.

రోమన్ మగవాళ్ళకు వాడుకలో ఉన్న సొంతపేర్లు పద్దెనిమిదో ఎన్నో మాత్రమేనట. అందుకని మన రాష్ట్రంలోనూ పద్దెనిమిది ఉంచి తక్కినవి రద్దు చేయాలన్నారు. ఏ పద్దెనిమిది ఉంచాలన్న దగ్గర కమిటీలో చొక్కాలు చిరిగాయి. సింహాచలం వైపు సభ్యుడు అప్పన్న పేరు తీస్తే నడిరోడ్డు మీద పడుకుంటానన్నాడు. కోస్తా సభ్యుడు సుబ్బారావులను ఎక్కడికి తోలేస్తారో చెప్పమన్నాడు. చివరికి ఎవరి మనసూ నొచ్చుకోకుండా అసలు రోమన్ పేర్లే తెచ్చి పెట్టేశారు. గాయస్, లూసియస్, మార్కస్, టైటస్, అలాగన్నమాట. మా అటెండరు అప్పలస్వామి ఓ పొద్దున్న గాయస్ అయిపోయాడు. టీ కోసం "గాయస్!" అని పిలిస్తే ముగ్గురు అటెండర్లు, ఒక డిప్యూటీ కలెక్టరు లేచి నిలబడేవారు. టీ మాత్రం ఎవరూ తెచ్చేవారు కాదు.

మూడో పేరు దగ్గర మరీ రసాభాస అయింది. రోమన్లు బట్టతలవాణ్ణి బట్టతల అని, వంకరముక్కువాణ్ణి వంకరముక్కు అని, మెల్లకన్నువాణ్ణి మెల్లకన్ను అని దాపరికం లేకుండా పిలుచుకునేవారట. దాని కోసం ప్రతి మండలంలోనూ డాక్టర్ల బోర్డు కూర్చుంది. జనం వరసలో నిలబడితే డాక్టరు కింద నుంచి పైదాకా చూసి ఒక లోపం తేల్చి ముద్ర కొట్టేవాడు. లోపం కనబడనివాళ్ళని పక్కన కూర్చోబెట్టి మళ్ళీ చూసేవాళ్ళు. ఎమ్మెల్యేల దగ్గర్నుంచి సిఫారసులు రావడం మొదలైంది, అన్నీ గిరజాలజుట్టు కోసమే, ఆ జాబితాలో అవమానం లేని పేరు అదొక్కటే. మా శాఖలో ఉన్న గెజిటెడ్ అధికారులందరికీ గిరజాలజుట్టు అని మంజూరైంది. వాళ్ళలో సగం మందికి జుట్టు లేదు. కమిషనర్ గారింటి పురోహితుడు ధూళిపాళ అవధానులు గారికి ఏ సిఫారసూ లేకపోవడంతో మెల్లకన్ను అని పడింది. ఆ కాగితం ఆయన రెండుసార్లు చూసుకున్నాడు. మడిచి పంచాంగంలో పెట్టుకున్నాడు.

ఇక ఇంటిపేర్లు. వీటిని పుట్టుకను బట్టి వర్గీకరించి, సంబంధిత శాఖల నుంచి నిరభ్యంతర పత్రం తెప్పించాలని నిర్ణయించారు. పీతలవారి ఫైళ్ళు మత్స్యశాఖకు, దుంపలవారివి ఉద్యానశాఖకు వెళ్ళాయి. ధూళిపాళవారిని కాలుష్య నియంత్రణ వాళ్ళు పిలిపించారు. పులివారి సంగతి అటవీశాఖ చూసుకుంది. ఓ పులివారి ఇంట్లో పెరడంతా తవ్వి, అటక వెతికి, ఆఖరికి పంజరంలో ఉన్న చిలకను పట్టుకుపోయారు. ఏనుగులవారు మూడు జిల్లాలు దాటి పారిపోయారని చెప్పుకున్నారు.

ఈ హడావిడిలోనే గేదెల పెంటమ్మ మా కౌంటర్ దగ్గరికి వచ్చింది.

పాలకొండ వైపు పిల్ల. పాతికేళ్ళుంటాయేమో. నర్సు చదువు చదివి, పరీక్ష రాసి, జిల్లా ఆసుపత్రిలో నర్సు ఉద్యోగానికి ఎంపికైంది. చేరదామని వెళ్తే ఆసుపత్రి వాళ్ళు పేరుకి మా శాఖ వర్గీకరణ పత్రం తెమ్మన్నారు. ఆమె వెంట తల్లి సన్నాసమ్మ కూడా వచ్చింది. కొంగు తలమీదికి లాక్కుని, గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి, మా ఆఫీసులోకి గుళ్ళోకి వచ్చినట్టు వచ్చింది.

ఫైలు పశుసంవర్ధక శాఖకు వెళ్ళింది. వాళ్ళ డాక్టరు ఊరికెళ్ళి తనిఖీ చేసి రాసిన నివేదిక ఇది. "సదరు కుటుంబ ప్రాంగణమందు గేదెలు గాని, దూడలు గాని, వాటి ఆనవాళ్ళు గాని కానరానందున, గేదెల అను ఇంటిపేరుకు ఆధారము లేదని తేలినది."

"మాకు గేదెల్లేవు సార్. మా ముత్తాతలకి ఉండేవేమో. ఇంటిపేరుకి గేదెలెందుకు సార్?" అంది పెంటమ్మ.

"రూలు అలా ఉందమ్మా" అన్నాను. మా ఆఫీసులో ఈ మాట అనడానికే నాకు జీతం ఇస్తారు.

ఆధారంలేని ఇంటిపేరు రద్దయింది. మరి ఇంటిపేరు లేనివాళ్ళని ఏం చేయాలి? దీనికీ కమిషనర్ గారి దగ్గర రోమన్ మార్గం ఉంది. రోమ్‌లో బానిసకు విముక్తి ఇస్తే, ఆ విముక్తుడు యజమాని వంశం పేరు పెట్టుకునేవాడట. "ఫైలులో చిక్కుకున్న పౌరుడు కూడా ఒక విధముగా బానిసయే. ఆ ఫైలుకు విముక్తి కలిగించిన అధికారి ఇంటిపేరే అతనికి సంక్రమించవలెను. అట్టివారిని సర్వవిషయములలోనూ ఆ వంశస్థులుగానే పరిగణించవలెను" అని ఉత్తర్వు రాయించారు. అది గెజిట్‌లో అచ్చయింది. ఫైళ్ళన్నిటి మీదా ఆఖరి సంతకం ఆయనదే కనక గేదెలు లేని గేదెలవారు, దుంపలు పండించని దుంపలవారు, పీతలు పట్టని పీతలవారు ఊళ్ళకు ఊళ్ళు శనగవరపువారైపోయారు. ఇన్నేళ్ళు ఇంటిపేరు చూసి సిగ్గుపడ్డ మనిషి, సాయంత్రంవేళ కిటికీ దగ్గర నిలబడి బస్టాండులో జనాన్ని చూస్తూ, "వీళ్ళందరూ శనగలేనయ్యా" అనేవారు సంతృప్తిగా.

ఇంతవరకు పెంటమ్మ ఓర్చుకుంది. అసలు పేచీ సొంతపేరు దగ్గర వచ్చింది. రోమన్ ఆడవాళ్ళకు సాధారణంగా సొంతపేరు ఉండేది కాదట. తండ్రి వంశం పేరే ఆడపేరుగా మార్చి పెట్టేవారు, కూతుళ్ళు ఎక్కువైతే మొదటిది, రెండవది, మూడవది అని లెక్క. దాని ప్రకారం ఆమె శనగవరపు తృతీయ అయింది.

"తృతీయ ఏంటి సార్? మా అమ్మకు నేనొక్కదాన్నే ఆడపిల్లని" అంది.

"జనన రికార్డు ప్రకారం మీకు ముందు ఇద్దరు ఆడపిల్లలు ఉన్నారు కదమ్మా."

"వాళ్ళు పోయారు సార్."

"పుట్టారు కదా. పుట్టినవాళ్ళని లెక్కలోంచి తీయడానికి మాకు అధికారం లేదు."

సన్నాసమ్మ కూతుర్ని పక్కకు జరిపి ముందుకొచ్చింది. కౌంటర్ చెక్క రెండు చేతులా పట్టుకుని అంది. "దీనికి ముందు ఇద్దరు పుట్టి పోనారు బాబూ. ఒకర్తి పురిట్లోనే పోనాది, ఇంకోర్తి పాలు తాగతా తాగతా పోనాది. ఇది పుట్టినాక సేటలో యేసి పెంట మీద పెట్టీసినాను. ఇది పెంట, మాకక్కర్నేదు, సావుకీ అక్కర్నేదు అని. మా ఆడబిడ్డ ఎత్తుకొచ్చి నా ఒల్లో యేసినాది. ఆ పేరుతోటే ఇన్నాల్లు బతికినాది. ఇప్పుడు మీరు మూడోది అని లెక్కెట్టేత్తే ఎలాగ బాబూ? ఆ ఇద్దరి తరవాత వరసలో నిలబెట్టీసినట్టే గదా?"

రూలు అలా ఉందని అనబోయాను. అంతలో పెంటమ్మే అంది. "ఈ పేరు పెట్టి బళ్ళో నన్ను ఎంత ఏడిపించారో నాకు తెలుసు సార్. నర్సింగ్ కాలేజీలో మార్చుకోమన్నారు. మార్చుకోలేదు. మా అమ్మ రాత్రిళ్ళు నిద్రపోదు సార్, మార్చుకుంటే. నా సర్టిఫికెట్లన్నీ ఈ పేరుతోనే ఉన్నాయి. నా ఉద్యోగం ఈ పేరుదే. నా పేరు నాకిచ్చెయ్యండి."

అప్పీలు రాసుకోమన్నాను. రాసింది. అప్పీలు తేలేదాకా నామ విచారణ పెండింగ్‌లో ఉన్నవారి ఉద్యోగం కాపాడాలని మా ఉత్తర్వులోనే ఒక క్లాజు ఉంది. అందుకని చేరాల్సిన గడువు దాటిపోయినా ఆసుపత్రి వాళ్ళు ఆమె పోస్టు వేరెవరికీ ఇవ్వకుండా అట్టేపెట్టారు. ఇక అప్పీలు కమిషనర్ గారు చూడాలి. ఆయనకు తీరిక లేదు, కూతురి పెళ్ళి పెట్టుకున్నారు. రోమన్ లెక్కన ఆ అమ్మాయి పేరు శనగవరపు ప్రథమ అవ్వాలి. శుభలేఖ మీద మాత్రం చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి మందాకిని అని బంగారు రంగులో ఉంది. నేను గమనించాను, గమనించినట్టు కనబడలేదు. నాకూ పెళ్ళాం పిల్లలున్నారు.

పెళ్ళికి ముందురోజు పొద్దున్న మా ఆఫీసు వాళ్ళమంతా కమిషనర్ గారి బంగళాలో పందిరి పనుల్లో ఉన్నాం. అవధానులు గారు పెళ్ళికి ముందు చేసే నాందికి పీటలు వేయిస్తున్నాడు. గేటు దగ్గర పెంటమ్మ, సన్నాసమ్మ కనబడ్డారు. అప్పీలు సంగతి అడగడానికి వచ్చారనుకుని నేను ఎదురు వెళ్ళాను. సన్నాసమ్మ నన్ను తప్పించుకుని తిన్నగా కమిషనర్ గారి దగ్గరికి వెళ్ళిపోయింది. చేతిలో చిన్న గిన్నె నిండా పంచదార ఉంది.

"బాబూ, మన ఇంట మగబిడ్డ పుట్టినాడు. నా కొడుక్కి నిన్న రేతిరి కొడుకు పుట్టినాడు. మేం సెనగవరపోలమైపోనాం గదా, ఇంటి పెద్ద తవఁరే గదా, ముందర తవఁరి నోరు తీపి సెయ్యాలని తెచ్చినాను" అంది. ఆ మనిషిలో వెటకారం మచ్చుకైనా లేదు. సర్కారు చెప్పిన మాటను నమ్మిన మనిషి ఈ రాష్ట్రంలో ఆవిడొక్కతే అనుకుంటాను.

కమిషనర్ గారు ముసిముసిగా నవ్వి చిటికెడు పంచదార నోట్లో వేసుకున్నారు. పీటల దగ్గర అవధానులు గారి చెయ్యి ఆగిపోయింది.

"మగపిల్లాడా? నిన్న రాత్రా?" అన్నాడాయన.

"అవును బాబూ."

"ఇంటిపేరు?"

"సెనగవరపోలమే బాబూ. నా కొడుక్కి కాయితం కూడా వొచ్చీసినాది."

అవధానులు గారు దర్భలు తీసి పక్కన పెట్టేశాడు. "అయితే చయనులు గారూ, మీకు పురుడు వచ్చింది. పదిరోజులు. రేపు కన్యాదానం చెయ్యడానికి మీరు పనికిరారు."

పందిట్లో సన్నాయి ఆగిపోయింది. కమిషనర్ గారి మొహం పాలిపోయింది. "వాళ్ళెవరో, మేమెవరో! ఏదో ఆఫీసు వ్యవహారమండీ అది!"

"ఆఫీసు వ్యవహారమా?" అవధానులు గారు పంచాంగంలోంచి గెజిట్ కాగితం తీశాడు. దాని పక్కనే మెల్లకన్ను పత్రం కూడా ఉంది. గొంతు సవరించుకుని మంత్రంలాగే చదివాడు. "అట్టివారిని సర్వవిషయములలోనూ ఆ వంశస్థులుగానే పరిగణించవలెను. సర్వవిషయములలో పురుడు రాదా? చావు రాదా? మీ సంతకంతో ఎన్ని జిల్లాలు మీ జ్ఞాతులయ్యాయో నాకు తెలీదు గానీ, రోజూ ఎక్కడో ఒకచోట పుట్టేవాళ్ళు పుడతారు, పోయేవాళ్ళు పోతారు. నాకు తెలిసి మీరు ఈ జన్మలో శుద్ధి కారు. నాంది అయిపోయుంటే పురుడు అంటేది కాదు. కాలేదే!"

లోపల్నుంచి కమిషనర్ గారి భార్య ఏడుపు వినిపించింది. వియ్యాలవారు విడిదిలో ఫలహారం చేస్తున్నారు. కమిషనర్ గారు అరుగు మీద కూలబడి, "రద్దు చెయ్యి. వెంటనే రాయి" అన్నారు నాతో.

రాయడానికి కూర్చున్నాను. అవధానులు గారు నా భుజం మీంచి వంగి చూశాడు. "ఇవాళ రద్దు చేస్తే లాభంలేదు. పిల్లవాడు నిన్న పుట్టాడు. నిన్న మీరూ వాళ్ళూ ఒకే వంశం. పురుడు పోదు."

ఇలాంటి చోటే మా కమిషనర్ గారి మేధస్సు బయటపడుతుంది. కళ్ళు మూసుకుని ఒక్క క్షణం ఆలోచించి చెప్పారు. "శనగవరపు వంశములో విముక్తులను చేర్చుట అనునది ఆదినుండియు జరగనే లేదని భావించవలెను. తత్సంబంధమైన విచారణలు, అప్పీళ్ళు, పెండింగ్ వ్యవహారములు ఏవియును ఎన్నడును లేవని భావించవలెను. అందరు పౌరుల పూర్వనామములు యథాతథముగా ఎల్లప్పుడును ఉండినవని భావించవలెను."

నెలల తరబడి తేలని అప్పీలు పసుపు ముద్దల మధ్య రెండు నిమిషాల్లో తేలిపోయింది. అవధానులు గారు ఆ కాగితం చదివి, "నా కన్ను కూడా జరగనే లేదని రాయించండి" అన్నాడు. అదీ రాశాను. అప్పుడు దర్భలు చేతిలోకి తీసుకుని, "సర్కారు జరగలేదంటే జరగనట్టే. రండి, పీట మీద కూర్చోండి" అన్నాడు.

ఉత్తర్వు కాపీ ఒకటి అప్పటికప్పుడు పెంటమ్మ చేతికిచ్చాను. ఆమె అక్కడే నిలబడి చదువుకుంది. మొహం విప్పారింది. సన్నాసమ్మ ఖాళీ గిన్నె కొంగులో దాచుకుని, అందరికీ దణ్ణం పెట్టి, కూతురి చెయ్యి పట్టుకుని వెళ్ళింది. ఆ రోజు నాకు మా శాఖ మీద మొట్టమొదటిసారి గౌరవం కలిగింది. అది వారం కూడా నిలవలేదు.

పెంటమ్మ ఆ ఉత్తర్వు తీసుకుని ఆసుపత్రికి వెళ్ళిందట. అక్కడ ఎస్టాబ్లిష్‌మెంట్ గుమాస్తా దాన్ని మూడు మాట్లు చదివి, ఒక సందేహం వచ్చి మా శాఖకు లేఖ రాశాడు. సదరు అభ్యర్థి గడువులోగా చేరలేదు, నామ విచారణ పెండింగ్‌లో ఉందన్న కారణంతో పోస్టు ఉంచితిమి, ఆ విచారణ ఎన్నడూ లేదని మీ ఉత్తర్వు, కావున ఏమి చేయవలెను? కమిషనర్ గారు జవాబు తామే చెప్పి రాయించారు. పెళ్ళి బాగా జరిగింది, ఉత్సాహంగా ఉన్నారు. "సదరు అభ్యర్థి పేరుపై ఈ శాఖ ఎన్నడును ఏ విచారణయు జరిపి ఉండలేదు. గడువులోగా చేరకపోవుటకు ఏ అడ్డంకియు లేకుండెను."

"సార్, ఆ అమ్మాయి ఇక్కడ నిలబడి నిలబడి కాళ్ళు..." అన్నాను.

"భావోద్వేగాలు వద్దయ్యా. ఆమె వచ్చిందని రాస్తే విచారణ జరిగిందని ఒప్పుకున్నట్టు. విచారణ జరిగితే ఆమె మా వంశం. మా వంశమైతే మా అమ్మాయి పెళ్ళి పురిట్లో జరిగినట్టు. ఎట్లా కుదురుతుంది చెప్పు?"

ఆయనకు మాత్రం చాలా చక్కగా కుదిరింది. పోస్టు వరసలో తరవాతి వాళ్ళకు ఇచ్చేశారు. తిరస్కరణ పత్రం మా ఆఫీసు ద్వారానే అందజేయాలన్నారు, అది నా కౌంటర్ దగ్గరికే వచ్చింది. తల్లీకూతుళ్ళిద్దరూ వచ్చారు. సన్నాసమ్మ ఎప్పట్లాగే చెప్పులు గుమ్మం బయట విడిచింది.

కాగితం ఇచ్చాను. ఇస్తుంటే నాకు తలెత్తాలనిపించలేదు. పెంటమ్మ మొత్తం చదివింది. మడిచింది. మళ్ళీ విప్పి మొదటి వరస మీద వేలు పెట్టి చూసింది. కుమారి గేదెల పెంటమ్మ గారికి, అని ఉంది. ఒక్క అక్షరం తప్పు లేదు.

"ఏటి రాసినారమ్మా?" అంది సన్నాసమ్మ.

పెంటమ్మ నా వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేదనుకున్నాను.

"నా పేరు రాశారమ్మా. గేదెల పెంటమ్మ అనే రాశారు."

"నిజిఁవే?"

"నిజమే."

ముసలమ్మ కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. కౌంటర్ మీదికి వంగి, నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని కళ్ళకద్దుకుంది. "పిల్లని నిలబెట్టినారు బాబూ. తవఁరూ తవఁరి పిల్లలూ సల్లగా ఉండాల" అంది. నేను చేతులు వెనక్కి లాక్కోలేకపోయాను. వెనక గదిలోంచి కమిషనర్ గారు బెల్లు కొడుతున్నారు.